బీఎమ్ఐ 46 పేషెంట్‌కి మణికట్టు ప్లేటింగ్, చేతికి ఏ బ్లాక్ ఇస్తే మేలు?

మత్తుపీజీ_రెండో_ఏడు:

సార్లకీ మేడమ్‌లకీ నమస్తే. అనస్తీషియా రెండో ఏడు పీజీని. ఎల్లుండి లిస్టులో ఒక కేసుంది, దానికి ఏ బ్లాక్ (నరాల దగ్గర మందు పోసి చెయ్యి మాత్రమే మొద్దుబారేలా చేయడం) ఇవ్వాలో మీ అందరి అభిప్రాయం కావాలి.

పేషెంట్‌కి 52 ఏళ్లు, ఆడమనిషి, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 115 కేజీలు, అంటే బీఎమ్ఐ 46. కుడి డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్ (మణికట్టు దగ్గర ఎముక విరిగింది), ముందు వైపు నుంచి ప్లేట్ వేస్తామంటున్నారు ఆర్థో వాళ్లు, గంటన్నర పడుతుందట, టోర్నికే (రక్తం ఆపడానికి చేతికి బిగించే పట్టీ) కావాలట. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఓఎస్ఏ (నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బు) సివియర్ అని పాత రిపోర్ట్ ఉంది, ఇంట్లో సీపాప్ మెషీన్ (మాస్క్‌తో గాలి ఒత్తిడి ఇచ్చి గొంతు తెరిచి ఉంచేది) ఉంది గానీ పెట్టుకునే రోజు పెట్టుకుంటుంది, పెట్టుకోని రోజు లేదు. కూర్చుంటే రూమ్ ఎయిర్ మీద శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 94, చదునుగా పడుకోబెడితే కాసేపట్లోనే 89కి వచ్చేసింది. మెడ పొట్టిది, మల్లంపాటి 4, అంటే నోరు తెరిస్తే గొంతు వెనక భాగం కనపడదు. జీఏ (పూర్తి మత్తు) ఇవ్వాలంటే నాకే భయంగా ఉంది.

ఒక సీనియర్ సుప్రాక్లావిక్యులర్ (క్లావికల్, అంటే మెడ కింది ఎముకకి పైన ఇచ్చే బ్లాక్) ఇచ్చేయ్, అది చేతికి స్పైనల్ లాంటిది, ఒక్క పోటుతో మొత్తం చెయ్యి పోతుంది అన్నారు. ఇంకో సీనియర్ వద్దు, ఆక్సిలరీ (చంకలో ఇచ్చేది) చెయ్యి అన్నారు. ఇవాళ వార్డులో అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి చూసా, మెడ దగ్గర ప్రోబ్ ఆనించడానికే చోటు లేదు, క్లావికల్ కింద లీనియర్ ప్రోబ్‌తో చూస్తే 5 సెంటీమీటర్ల కింద అంతా బూడిద రంగే, ఆర్టరీ కొట్టుకోవడం కూడా సరిగ్గా కనపడలేదు. ఏ బ్లాక్ ఎంచుకోవాలి, డోసు ఏ బరువుకి లెక్కేయాలి, టోర్నికే నొప్పికి ఏం చేయాలి, ఎవరికి ఏది తెలిస్తే అది చెప్పండి ప్లీజ్.

బ్లాక్‌రూమ్_పెద్దాయన:

బాబూ, అన్నిటికంటే ముందు పడుకోబెట్టి శాచురేషన్ చూసావు చూడు, ఆ పని చాలామంది చేయరు. నీ ప్రశ్నకి సగం జవాబు ఆ 89 లోనే ఉంది.

ఇలాంటి పేషెంట్లో బ్లాక్ ఎంచుకునేటప్పుడు ఏది తేలిగ్గా పడుతుంది అని కాదు, ముందు ఏది ఊపిరి జోలికి పోదు అని చూడాలి. లావుగా ఉన్నవాళ్లకి ఎఫ్ఆర్‌సీ (మామూలుగా ఊపిరి వదిలాక ఊపిరితిత్తుల్లో మిగిలే గాలి) ముందే తక్కువ, పడుకుంటే పొట్ట డయాఫ్రమ్‌ని (ఊపిరి తీసే ప్రధాన కండని) పైకి నెట్టేసి ఇంకా తగ్గిపోతుంది. అలాంటి మనిషికి ఒక పక్క ఫ్రెనిక్ నెర్వ్ (డయాఫ్రమ్‌ని నడిపే నరం) కూడా పోతే ఏమవుతుందో ఆలోచించు. ఇంటర్‌స్కేలీన్‌కి (మెడ పక్కన ఇచ్చే బ్లాక్‌కి) పాతకాలం వాల్యూములు పోస్తే ఆ పక్క డయాఫ్రమ్ దాదాపు అందరికీ పడిపోతుంది, 1991లో అల్ట్రాసౌండ్‌తో చూసినప్పుడు నూటికి నూరు మందికీ అదే కనపడింది, ఎఫ్‌వీసీ (నిండా పీల్చి గట్టిగా ఊదితే బయటికొచ్చే గాలి) పావు వంతుకి పైగానే తగ్గిపోతుంది. బక్క మనిషైతే తట్టుకుంటాడు, అసలు తెలీను కూడా తెలీదు. ఈవిడ తట్టుకోలేదు. ఎలాగూ ఇంటర్‌స్కేలీన్‌లో కింది ట్రంక్ (చేతి నరాల గుత్తిలో కింది పాయ) సరిగ్గా పట్టదు, అంటే అల్నార్ వైపు (చిటికెన వేలి వైపు) మిగిలిపోతుంది, కాబట్టి మణికట్టు కేసుకి అది పనికే రాదు, దాన్ని వదిలెయ్.

సుప్రాక్లావిక్యులర్ మంచి బ్లాకే, నేనూ ఇష్టంగా చేస్తాను, కాకపోతే ఫ్రెనిక్ పోయే అవకాశం అందులోనూ తక్కువేం కాదు. అల్ట్రాసౌండ్‌తో, తక్కువ మందుతో, మొదటి పక్కటెముకకీ ఆర్టరీకీ మధ్య మూలలో పోస్తే తగ్గుతుంది, కానీ పోదు. పైగా మెడ దగ్గర ప్రోబ్‌కే చోటు లేదంటున్నావు, అంటే సూది మొన కనపడకుండా ప్లూరా (ఊపిరితిత్తి పొర) పక్కన తిప్పాల్సి వస్తుంది. అంత రిస్కు ఈ కేసుకి అక్కర్లేదు.

నేనైతే ఆక్సిలరీ చేస్తాను. మనిషి ఎంత లావున్నా చంకలో ఆర్టరీ మరీ లోతుకి పోదు, మామూలు లీనియర్ ప్రోబ్‌కే చాలాసార్లు దొరుకుతుంది. ఫ్రెనిక్ గొడవ లేదు, ప్లూరా గొడవ లేదు, రక్తనాళానికి గుచ్చుకున్నా పైనుంచి నొక్కి పట్టుకోవచ్చు.

ఎలా చేస్తానో చెప్తా. చెయ్యి 90 డిగ్రీలు పక్కకి, మోచెయ్యి మడిచి. ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకో, పేషెంట్‌ని ర్యాంప్ మీద తల ఎత్తుగా పడుకోబెడతాం కదా, అప్పుడు ఆర్మ్ బోర్డు కిందే ఉండిపోతుంది, భుజం వెనక్కి వేలాడిపోతుంది, ఆర్మ్ బోర్డు మీద కూడా దుప్పట్లు మడిచి పెట్టి ఎత్తు సమానం చెయ్యి. దండ కింద కండ వేలాడుతుంటే దాన్ని కిందకి లాగి వెడల్పాటి ప్లాస్టర్‌తో బోర్డుకి అంటించు, రొమ్ము అడ్డం వస్తుంటే దాన్ని కూడా అవతలి పక్కకి ప్లాస్టర్‌తో పట్టి ఉంచు. ఈ రెండు పనులూ చేస్తే సగం బ్లాక్ అయిపోయినట్టే.

ప్రోబ్‌ని చంక మడత దగ్గర అడ్డంగా పెట్టి గట్టిగా నొక్కితే కొవ్వు పల్చబడి ఆర్టరీ పైకి వస్తుంది. ఆర్టరీ కింద తెల్లగా మెరిసే పట్టీ ఒకటి కనపడాలి, లాటిసిమస్ డోర్సై, టెరెస్ మేజర్ రెండూ కలిసిన టెండన్ అది. అది కనపడేదాకా ప్రోబ్‌ని పైకీ కిందకీ జరుపుతూనే ఉండు, ఎందుకంటే రేడియల్ నెర్వ్ సరిగ్గా ఆ టెండన్ మీద, ఆర్టరీ వెనక కూర్చుని ఉంటుంది. ముందు దానికే మందు పొయ్యి, లోతుది ముందు చేసేస్తే తర్వాత గాలి బుడగలు అడ్డం రావు. తర్వాత అల్నార్, మీడియన్. మస్కులోక్యుటేనియస్ విడిగా ఉంటుంది, బైసెప్స్‌కీ కొరాకోబ్రాకియాలిస్‌కీ మధ్యలో, దాన్ని మర్చిపోతే ముంజేతి బయటి పక్క మొద్దుబారదు, సర్జన్ కోత పెట్టగానే పేషెంట్ చెయ్యి లాగేసుకుంటుంది. ఒక్కోదానికి 5 నుంచి 7 ఎమ్ఎల్ చాలు.

నొక్కి చూస్తున్నప్పుడు వెయిన్లు అణిగిపోయి కనపడవు, సిరంజి వెనక్కి లాగినా రక్తం రాదు, అదే ప్రమాదం. సూది పెట్టేముందు ఒకసారి ఒత్తిడి వదిలి వెయిన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకో. మందు కొంచెం కొంచెంగా పొయ్యి, పోసినది స్క్రీన్ మీద నల్లగా విచ్చుకోవడం కనపడకపోతే ఆపెయ్, మందు వెయిన్లోకి పోతూ ఉండొచ్చు.

సూదిమొన_చూడు:

పెద్దాయన చెప్పినదాంట్ల ఊపిరి విషయం వంద శాతం కరెక్టు. కానీ ఆక్సిలరీ ఒక్కటే దారి అన్నట్టు కొత్తోళ్లు అనుకుంటరేమో అని రాస్తున్న. చెయ్యి విరిగిన మనిషికి కొన్నిసార్లు భుజం 90 డిగ్రీలు ఎత్తనీకే రాదు, నొప్పికి అరుస్తరు. ఇంకోటి, లావుగున్నోళ్ల చంక మడతల చెమటకి చర్మం ఎర్రగ, తడిగ, పైన తెల్లటి పొరతోటి ఫంగస్ పట్టి ఉంటది, అక్కడ సూది గుచ్చొద్దు. ఇయ్యాలనే చంక ఎత్తి లైట్ పెట్టి చూసి రా తమ్మీ, ఎల్లుండి థియేటర్ల చూస్తె లేటయితది.

గట్లుంటే ఇన్‌ఫ్రాక్లావిక్యులర్ (క్లావికల్ కింద ఇచ్చేది) మంచిగుంటది. ఒక్క ఇంజెక్షన్ తోటి పనైతది, టోర్నికేని కూడా ఆక్సిలరీ కంటే మంచిగ తట్టుకుంటరు. నీకు 5 సెంటీమీటర్ల కింద బూడిద రంగు కనపడ్డదంటే ప్రోబ్ తప్పు. హై ఫ్రీక్వెన్సీ లీనియర్ అంత లోతుకి పనిచెయ్యదు, కొవ్వు సౌండ్‌ని మింగేస్తది. పొట్టకి వాడే కర్విలీనియర్ తీస్కో, ఫ్రీక్వెన్సీ తగ్గించు, హార్మోనిక్స్ ఆన్ చెయ్యి. ఇంకో ముచ్చట, మెషీన్ ఏమో సౌండ్ సెకనుకి 1540 మీటర్లు పోతది అనుకొని లెక్కలేస్తది, కొవ్వుల అది 1450 చుట్టుపక్కల్నే పోతది, అందుకని స్క్రీన్ మీద కనపడే లోతు అసలు లోతు కంటే కొంచెం ఎక్కువనే చూపిస్తది. పెద్ద తేడా కాదు గానీ ప్లూరా దగ్గర పనిచేసేటప్పుడు ఎరుకలుండాలె.

చెయ్యి పక్కకి లేపగలిగితె లేపు, క్లావికల్ వెనక్కి మీదికి పోతది, ప్లెక్సస్ (చేతి నరాల గుత్తి) చర్మానికి దగ్గరికొస్తది, ఛాతీ గోడకి దూరం జరుగుతది. సూది మొన ఆర్టరీ వెనకాల చేరినంక మందు ఆర్టరీ కింద నుంచి రెండు పక్కల అంగ్రేజీ యూ లెక్క పాకాలె. అట్ల పాకితె మూడు కార్డులు (ప్లెక్సస్ పాయలు) మునుగుతయి. పాకకుండ ఆర్టరీ పైన్నే కుప్పయితె బ్లాక్ పట్టదు, సూది జరుపు.

కష్టమేందంటే సూది ఏటవాలుగ దిగుతది, స్క్రీన్ల కనపడదు. ప్రోబ్ కింది కొసని లోపలికి నొక్కి కోణం తగ్గించు, మెరిసే రకం సూది, 100 మిల్లీమీటర్లది వాడు, 50 ది సరిపోదు. క్లావికల్ వెనక నుంచి దించే రెట్రోక్లావిక్యులర్ పద్ధతిల సూది ప్రోబ్‌కి సమాంతరంగ పోతది కాబట్టి మంచిగ కనపడ్తది, కానీ మొదట్ల క్లావికల్ నీడల కొంత దూరం గుడ్డిగ పోవాలె, అది చెయ్యి తిరిగినోళ్లు పక్కనుంటేనే చెయ్యి. 2015లొచ్చిన కాస్టోక్లావిక్యులర్ కూడా ఉంది, క్లావికల్ కిందనే మూడు కార్డులు ఆర్టరీ పక్కన గుంపుగ ఉంటయి, లోతు తక్కువ, తక్కువ మందుకే జల్ది పడ్తది, డయాఫ్రమ్ దెబ్బ కూడా సుప్రాక్లావిక్యులర్ కంటే చాన తక్కువ.

రక్తం పల్చబడే మందులు వాడుతుంటే మాత్రం ఇన్‌ఫ్రాక్లావిక్యులర్ వద్దు, అక్కడ రక్తం కారితె నొక్కి ఆపనీకే రాదు.

ఇంకొక్క మాట, ఏ బ్లాకైనా లావుగున్నోళ్లల్ల ఫెయిలయ్యే ఛాన్స్ ఎక్కువనే. 2005ల తొమ్మిది వేల పైచిలుకు బ్లాకుల మీద వచ్చిన స్టడీల బీఎమ్ఐ 30 దాటినోళ్లకి ఫెయిల్యూర్ 1.6 రెట్లుండె. అది ఎక్కువ భాగం నెర్వ్ స్టిమ్యులేటర్ కాలం లెక్క, అల్ట్రాసౌండ్ వచ్చినంక మెరుగైంది. అయినా ఫెయిలయితె ఏం జెయ్యాలె అన్నది ముందే అనుకొని పో.

డోసులక్క:

డోసు గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను, ఇది చాలా ముఖ్యం.

లోకల్ అనస్తీటిక్ మ్యాక్సిమమ్ డోసుని అసలు బరువుకి లెక్కేయకండి. కొవ్వు పెరిగినంత మాత్రాన గుండె, మెదడు, లివర్ పెరగవు కదా. మీ పేషెంట్‌కి ఐడియల్ బాడీ వెయిట్ చూద్దాం, ఆడవాళ్లకి ఎత్తులోంచి 105 తీసేస్తే వచ్చేది, అంటే 158 లోంచి 105 పోతే 53 కేజీలు. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ కేజీకి 7 ఎంజీ చొప్పున 371 ఎంజీ, 1.5 శాతం మందైతే 24 ఎమ్ఎల్ పైచిలుకు. రోపివకైన్ కేజీకి 3 ఎంజీ చొప్పున 159 ఎంజీ, అంటే 0.5 శాతం మందు 30 ఎమ్ఎల్ దాకా. అదే లెక్క 115 కేజీలకి వేస్తే లిగ్నోకైన్ 805 ఎంజీ వస్తుంది! లావుగా ఉన్నారు కదా అని ఇంకో 10 ఎమ్ఎల్ లాగి పోసేవాళ్లని చూసాను, అది పెద్ద ప్రమాదం, దయచేసి చేయకండి.

రెండు మందులు కలిపితే రెండింటి విషప్రభావం కూడా కలుస్తుంది, ఒక్కోదానికి విడిగా ఫుల్ డోసు ఉండదు. టోర్నికే కోసం చంకలో చర్మం కింద పోసేది, రెస్క్యూ బ్లాక్‌కి (మొదటిది పట్టని నరానికి మళ్లీ ఇచ్చేదానికి) పోసేది, చివర్లో సర్జన్ గాయంలో పోసేది, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. నేనైతే సర్జన్‌కి ముందే చెప్పేస్తాను, మీకు ఇన్ని ఎమ్ఎల్ మిగిలింది, అంతకు మించి అడగొద్దు అని.

మందు విషమైతే ఇచ్చే లిపిడ్ ఎమల్షన్ 20 శాతం బాటిల్ థియేటర్ గదిలోనే ఉండాలి, స్టోర్‌లో ఉంటే లేనట్టే. దానికీ ఐడియల్ బరువే, 70 కేజీల లోపు లెక్కైతే బోలస్ కేజీకి 1.5 ఎమ్ఎల్, అంటే ఈవిడకి సుమారు 80 ఎమ్ఎల్ రెండు మూడు నిమిషాల్లో, ఆ తర్వాత నిమిషానికి కేజీకి 0.25 ఎమ్ఎల్. మందు విషమై గుండె ఆగితే అడ్రినలిన్ మామూలు 1 ఎంజీ కాకుండా కేజీకి 1 మైక్రోగ్రామ్ లోపే ఇవ్వాలి. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించి మొదలుపెట్టండి, ఆ టైమ్‌లో ఎవరికీ లెక్కలు గుర్తురావు.

ఆర్థో_వైపునుంచి:

నేను సర్జన్‌ని, టోర్నికే గురించి మా వైపు సంగతి చెప్తాను. లావు చెయ్యి పైన వెడల్పుగా, మోచేతి దగ్గర సన్నగా ఉంటుంది, మామూలు తిన్నటి కఫ్ కడితే ఆపరేషన్ మధ్యలో కిందకి జారిపోతుంది. ఒంపు ఉన్న వెడల్పాటి కఫ్ కావాలి. వెడల్పు ఎక్కువైతే తక్కువ ప్రెషర్‌కే రక్తం ఆగుతుంది. అందరికీ ఒకటే అన్నట్టు 250, 300 పెట్టేయకుండా డాప్లర్‌తో పల్స్ ఎక్కడ ఆగుతుందో చూసి, అది 130 లోపైతే 40, 131 నుంచి 190 అయితే 60, అంతకు మించితే 80 కలుపుకోవాలి.

అసలు టోర్నికే లేకుండా కూడా ఆలోచించొచ్చు. వాలాంట్ పద్ధతిలో 1 శాతం లిగ్నోకైన్‌లో లక్షకి 1 వంతు అడ్రినలిన్ కలిపి కోత పడే చోటంతా, ఎముక పొర దాకా పోసి, అరగంట దాకా ఆగితే రక్తం కారడం బాగా తగ్గుతుంది, మెలకువగా ఉన్న పేషెంట్‌కే ప్లేట్ వేయొచ్చు. సెడేషన్ అక్కర్లేదు, ఊపిరి గొడవ లేదు. కాకపోతే ఎముక ముక్కలైన ఫ్రాక్చర్‌కి, భయపడే పేషెంట్‌కి నేను వాలాంట్ మీద ఆధారపడను. మీ సర్జన్‌కి అలవాటుందో లేదో అడగండి.

మత్తుపీజీ_రెండో_ఏడు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. మేడమ్, అంకెల కాగితం ఇప్పుడే రాసుకున్నా. చంక చూసొచ్చా, చర్మం శుభ్రంగా ఉంది, చెయ్యి కూడా నెమ్మదిగా 90 దాకా వస్తోంది, రక్తం పల్చబడే మందులేవీ లేవు. సర్జన్‌కి వాలాంట్ అలవాటు లేదట. కాబట్టి ఆక్సిలరీకే వెళ్తున్నా. రెండు డౌట్లు. ఆవిడ బాగా భయపడుతోంది, కొంచెం మిడజోలమ్ ఇవ్వొచ్చా? బ్లాక్ సగమే పడితే ఏం చేయాలి?

బ్లాక్‌రూమ్_పెద్దాయన:

మిడజోలమ్, ఫెంటనిల్ రెండూ వద్దు. ఓఎస్ఏ పేషెంట్‌కి అంత బాగా బ్లాక్ చేసి, ఆ పైన రెండు ఎంజీ మిడజోలమ్ ఇచ్చి ఎయిర్‌వే మూసుకుపోయేలా చేస్తే మనం ఇంత కష్టపడి జీఏ తప్పించి ఏం లాభం? పక్కన కూర్చుని మాట్లాడు, ఏం చేస్తున్నామో ముందే చెప్పు, భయం చాలావరకు దాంతోనే తగ్గుతుంది. మరీ తప్పకపోతే డెక్స్‌మెడెటోమిడిన్ బోలస్ లేకుండా సన్నగా ఇన్ఫ్యూషన్ పెట్టు, క్యాప్నోగ్రఫీ (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపే మానిటర్) ఉంటేనే. తల వైపు 30 డిగ్రీలు ఎత్తు, చెవి రంధ్రం ఛాతీ ఎముక పై అంచుకి సమానంగా వచ్చేలా ర్యాంప్. ఆవిడ సీపాప్ మెషీన్‌ని మాస్క్‌తో సహా థియేటర్‌కి తెప్పించు.

బ్లాక్ చేసాక 30 నిమిషాలు ఓపిక పట్టు, సర్జన్ తొందరపెట్టినా సరే. ఒక్కో నెర్వ్‌నీ విడిగా చూడు. మోచెయ్యి చాచి నెట్టమను, అది రేడియల్. మడిచి లాగమను, అది మస్కులోక్యుటేనియస్. చూపుడు వేలు గిల్లు, మీడియన్. చిటికెన వేలు గిల్లు, అల్నార్. ఏది మిగిలితే దాన్ని మోచేతి దగ్గరో ముంజేతిలోనో అల్ట్రాసౌండ్‌తో పట్టుకుని 3, 4 ఎమ్ఎల్ పొయ్యి, అక్కడ ఎంత లావు మనిషికైనా నెర్వ్‌లు పైనే ఉంటాయి. సగం పడ్డ బ్లాక్‌ని సెడేషన్‌తో కప్పెట్టడం మాత్రం ఎప్పుడూ చెయ్యకు. రెస్క్యూ కూడా పని చేయకపోతే కేసు ఆపి, సీనియర్‌ని పిలిచి, వీడియో లారింగోస్కోప్ చేతిలో పెట్టుకుని పద్ధతిగా జీఏకి వెళ్లు.

చంక లోపలి అంచు వెంట చర్మం కింద 5 ఎమ్ఎల్ అడ్డంగా పొయ్యి, ఇంటర్‌కాస్టోబ్రాకియల్ కోసం. అది ప్లెక్సస్‌లోది కాదు, టీ2 నుంచి వస్తుంది. గంట దాటాక వచ్చే అసలు టోర్నికే నొప్పిని ఇదొక్కటే ఆపదు, కఫ్ కింద చర్మం మంట మాత్రం తగ్గుతుంది.

కొత్తగా_చేరిన:

మధ్యలో వస్తున్నా క్షమించండి. ఇలాంటి పేషెంట్‌కే భుజం ఆపరేషన్ అయితే ఏం చేస్తారు? అప్పుడు ఆక్సిలరీ కుదరదు కదా.

సూదిమొన_చూడు:

కుదరదు. సుపీరియర్ ట్రంక్ బ్లాక్ తక్కువ మందుతోటి, లేదంటే సుప్రాస్కాప్యులర్, ఆక్సిలరీ నెర్వ్ రెండు విడివిడిగ. పేర్లు ఒకటే ఉన్నయని ఆగం కావొద్దు, ఈ ఆక్సిలరీ నెర్వ్ వేరు, చంకల ఇచ్చే ఆక్సిలరీ బ్లాక్ వేరు. భుజానికి వీటితోటి పాటు ఎక్కువసార్లు జీఏ కూడా కావాలె, బ్లాకులు నొప్పి కోసమే. దీని మీద వేరే త్రెడ్ పెట్టు, చాన ఉంది మాట్లాడనీకి.

మత్తుపీజీ_రెండో_ఏడు:

కేసు అయిపోయింది సార్. ఆర్మ్ బోర్డు ఎత్తు చేసి కండ ప్లాస్టర్‌తో లాగాక ఆర్టరీ 2 సెంటీమీటర్ల లోపే కనపడింది, టెండన్ కూడా తెల్లగా స్పష్టంగా వచ్చింది. రేడియల్, అల్నార్, మస్కులోక్యుటేనియస్ మూడూ బాగా పడ్డాయి, మీడియన్ మాత్రం చూపుడు వేలు గిల్లితే కొంచెం తెలుస్తోంది అంది, ముంజేతి మధ్యలో రెస్క్యూ ఇచ్చాం. సెడేషన్ ఏమీ ఇవ్వలేదు, తల ఎత్తుగానే ఉంచాం, శాచురేషన్ 93 కిందకి రాలేదు. ఇప్పుడు రికవరీలో ఉంది, చెయ్యి ఇంకా మొద్దుగానే ఉంది. రాత్రికి బ్లాక్ దిగిపోతే నొప్పికి ఏం రాయాలి?

డోసులక్క:

చాలా సంతోషం! రాత్రి సంగతి జాగ్రత్త, ఇలాంటి పేషెంట్లకి అసలు గండం అప్పుడే. బ్లాక్ ఒక్కసారిగా దిగి విపరీతమైన నొప్పి వస్తే డ్యూటీలో ఉన్నవాళ్లు ట్రమడాల్, మార్ఫిన్ వెంటవెంటనే ఇచ్చేస్తారు, నిద్రలో సీపాప్ లేకపోతే ఊపిరి తగ్గిపోతుంది. అందుకని బ్లాక్ దిగకముందే, చెయ్యి కొంచెం జివ్వుమనడం మొదలవగానే పారాసిటమాల్ టైమ్ ప్రకారం మొదలుపెట్టించండి, కిడ్నీ బాగుంటే ఎన్‌ఎస్ఏఐడీ (ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందు) కూడా. డెక్సామెథసోన్ 4 ఎంజీ ఐవీ ఇచ్చి ఉంటే బ్లాక్ ఇంకొన్ని గంటలు నిలుస్తుంది, కానీ షుగర్ పేషెంట్ కాబట్టి రాత్రి షుగర్ చూడమని రాయండి. రాత్రంతా సీపాప్, శాచురేషన్ మానిటర్, తల ఎత్తు. మొద్దుబారిన చెయ్యి బరువుగా జారిపోతుంది, స్లింగ్‌లో పెట్టి మోచేతి కింద మెత్త పెట్టించండి, అల్నార్ మీద ఒత్తిడి పడకుండా. వేళ్ల రంగు, వాపు గంటగంటకీ చూడమనండి, బ్లాక్ ఉన్నా కూడా మందుకి తగ్గని నొప్పి వస్తే కట్టు బిగిసిందేమో, కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (కండల్లో ఒత్తిడి పెరిగి రక్తం అందకపోవడం) ఏమో అని వెంటనే ఆర్థోని పిలవాలి. ఇవన్నీ నోటితో చెప్పి ఊరుకోకుండా కేస్‌షీట్‌లో రాసి, రాత్రి డ్యూటీ సిస్టర్‌కి చదివి వినిపించి రండి.